ఉద్దానపు చిక్కని పులుసు

చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, శాసనములు స్ఫురించును. పొయ్యిమీది కుండకు కూడ ఒక చరిత్ర కలదని సాధారణముగా తలంపము. ఒక తీరమునకు ఏయే ఓడలు వచ్చినవో, ఏయే చెట్లు అచ్చట వేరూనినవో, ఏ పన్నులు ప్రజల నడుము విరిచినవో, ఏ గాలులు వారి తోటలను కూల్చినవో, ఆ కుండను తరచి చూచిన తెలియును. నేటి ప్రసంగములో శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసనున్న పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతమునకు శ్రోతలను గొనిపోయి, అచ్చటి వస్తువులతోనే ఇంట చేసికొనదగిన యొక చిక్కని రొయ్యల పులుసును ముందుంచుకొని, అందలి ఒక్కొక్క వస్తువు ఎచ్చటినుండి వచ్చినదో విచారింపదలచినాము.

ముందు ఆ ప్రదేశమును ఒకింత చూతము. కలకత్తానుండి మద్రాసునకు పోవు ఇనుపదారి ఈ తీరమున 1893కును 1896కును నడుమ వేయబడినది. ఆ దారిలో పలాస స్టేషనున దిగిన ప్రయాణికునకు మొట్టమొదట ఎదురు వచ్చునది కాలుచున్న జీడిగింజల వాసన. ఉత్తరమున మహేంద్రగిరి నీలముగా కనబడుచుండును. తూర్పున కొలది మైళ్ళలోనే సముద్రము. ఈ రెంటికి నడుమ వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి వరకు వ్యాపించిన ఇసుక నేలయే ఉద్దానము. ఉద్యానవనమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. పైన కొబ్బరి, దాని నీడన జీడిమామిడి, పనస. ఆకాశము కనబడని తోటలు. దక్షిణమున టెక్కలి, దాని చేరువ నౌపడా ఉప్పుమళ్ళు, ఏటేట గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి గూళ్ళు కట్టుకొను తేలినీలాపురము, ఆవల భావనపాడు తీరము. చెట్టు, ఉప్పు, చేప, ఈ మూడును ఒకరోజు నడకలో దొరకు ప్రదేశములు మన దేశమున అరుదు.

ఇక పులుసు మాట. ద్రవరూపమైన వంటకమును పాశ్చాత్యులు సూపు అందురు. మన సంస్కృతములో సూపము అను మాట వేరుగ కలదు. పప్పుతో చేసిన వంటకమునకు ఆ పేరు. వంటవానికి సూపకారుడని పేరు వచ్చినదియు అందుండియే. ధ్వని యొకటే యైనను ఈ రెండు మాటలకును చుట్టరికము కలదని నిశ్చయముగా చెప్పలేము. వస్తువులకు మాత్రము కొంత చుట్టరికము కలదు. తమిళుల మిళగుతణ్ణీరు, అనగా మన మిరియాల చారు, ఈస్టిండియా కంపెనీ కాలమున దొరల బల్లమీదికి ఎక్కి, మాంసమును కొబ్బరిపాలను చేర్చుకొని, ముల్లిగటానీ యను పేరుతో ఇంగ్లండు చేరెను. చారు ఓడ ఎక్కి సూపైనది.

పాశ్చాత్యుల చేపల సూపులలో పేరొందినవి రెండు. ఫ్రెంచివారి బిస్కు రొయ్యల, పీతల పెంకులనుండి సారము తీసి, బియ్యముతోనో వెన్నతోనో చిక్కబరచినది. అమెరికా ఈశాన్య తీరపు చౌడరు ఆల్చిప్పల మాంసమును, బంగాళాదుంపలను పాలలో ఉడికించి, ఓడలలో తిను గట్టి బిస్కత్తులతో చిక్కబరచినది. రెంటను చిక్కదనమునకు ముఖ్యాధారము ఆవుపాలు, మీగడ, వెన్న.

ఇచ్చటనే మన వంటింటికి ఒక చిక్కు వచ్చినది. చేపను పాలతో కలిపి తినరాదని మన పెద్దల నిషేధము. ఇది పామరుల మాట మాత్రమే యనుటకు వీలులేదు. చరకసంహిత సూత్రస్థానములో విరుద్ధాహారములను చెప్పుచోట చేపలను పాలతో భుజింపరాదని స్పష్టముగా నున్నది. చేప తిని పాలు త్రాగిన బొల్లి వచ్చునని నేటికిని మన యిండ్లలో బిడ్డలను మందలించుచుందురు. చౌడరు త్రాగు దేశములలో అట్టి వ్యాధి అందువలన వచ్చినట్లు లేదు. నేటి వైద్యమును దానికి ఋజువు చూపదు. అయినను ఒక నిషేధము నిజమో కాదో యన్నదానికంటె, అది వంటలను ఎట్లు మలచినదన్నది చరిత్రకారునకు ముఖ్యము. పశువు పాలు కూడనిచోట మన తీరవాసులు చెట్టు పాలను వెదకికొనిరి. కొబ్బరిపాలు, నూరిన జీడిపప్పు, ఈ రెండును కలిసిన ఏ మీగడకును తీసిపోని చిక్కదనము వచ్చును. ఈ రెంటికిని ఉద్దానము పుట్టిల్లని మనము నేడు అనుకొనుచున్నాము. ఎంతవరకు పుట్టిల్లో చూతము.

ప్రాచీనుల చేపల వంట ఎట్లుండెనో తెలిసికొనుటకు ఒక మంచి యాధారము కలదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన మానసోల్లాసములో అన్నభోగమను భాగమున్నది. చేపను ముక్కలుగా కోసి, కడిగి, చింతపండు రసముతో వండుటయు, గోధుమపిండి చల్లి నూనెలో వేచుటయు, సైంధవలవణము, ఏలకులు, మిరియాలపొడి చల్లుటయు అందు చెప్పబడినవి. చింతపులుసున చేప ఉడుకుట మనకు తొమ్మిదివందల ఏండ్లుగా తెలిసిన సంగతియేయని దీనివలన తేలుచున్నది. ఆ వంటలో మిరపకాయ లేదు, జీడిపప్పు లేదు. కారము కావలసినచో మిరియము, చిక్కదనము కావలసినచో పిండి. నేటికిని పేదయిండ్లలో పులుసు పలుచనైనచో పిడికెడు బియ్యపుపిండియో సెనగపిండియో నీటిలో కలిపి పోయుట మనమెరిగినదే. ఆ గృహిణి చేయి తెలియకయే సోమేశ్వరుని వంటవాని చేతిని అనుసరించుచున్నది.

ఆ చింతచెట్టు కూడ మొదట మనది కాదు. దాని జన్మస్థానము ఆఫ్రికాయని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఎంత పూర్వము వచ్చినదన, అరబ్బులు దీనిని మన దేశపుదే యనుకొని "హిందూదేశపు ఖర్జూరము" అను అర్థము వచ్చునట్లు తమర్ హింది యని పేరుపెట్టిరి. నేడు ఇంగ్లీషువారు వాడు పేరు దానినుండి పుట్టినదే. చింత లేని తెలుగు ఊరును మనము ఊహింపలేము. ఎక్కడినుండియో వచ్చిన చెట్టు ఊరి బొడ్డురాయివలె పాతుకొనిపోయినది.

కొబ్బరి సంగతి కొంత వేరు. 2011లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన యొకటి, మానవుడు కొబ్బరిని రెండుచోట్ల వేర్వేరుగ పెంచుట నేర్చెనని తేల్చినది. ఒకటి పసిఫిక్ ద్వీపముల దిక్కున, రెండవది హిందూమహాసముద్రమున, దక్షిణ భారతదేశపు పరిసరములలో. మన టెంకాయ అను మాటలోని మొదటి భాగము దక్షిణదిశను సూచించు తెన్ అను మాటయేనని భాషావేత్తలు కొందరి అభిప్రాయము. అట్లైనచో ఉద్దానమునకు కొబ్బరి దక్షిణమునుండి తీరము వెంట నడచి వచ్చిన బంధువు. ఆ బంధువు చేసిన ఉపకారము కుండతో ఆగలేదు. మన తూర్పుతీరపు మసూలా పడవకు ఇనుప మేకు లేదు. పలకలకు రంధ్రములు చేసి కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. ఒడ్డున విరుగు అలల తాకిడికి మేకులు కొట్టిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి నిలుచును. చేపను తెచ్చిన పడవకు కుట్టు, ఆ చేపను ఉడికించు పాలు, పొయ్యిలోని మట్ట, మూడును ఒక్క చెట్టువే యైన దినములు ఈ తీరమున చిరకాలము నడచినవి.

ఇక జీడిమామిడి. ఇది నిజముగా పరదేశి. బ్రెజిలు దేశమున దీని పుట్టుక. అచ్చటి టూపీ జాతివారు దీనిని అకాజు అనిరి. పోర్చుగీసులు కాజు అనిరి. హిందీ మాట అదియే. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసులు దీనిని పడమటి తీరమునకు తెచ్చిరి. ఇసుకనేలను వేళ్ళతో పట్టి ఉంచు గుణము దీనికి కలదు. తీరముల వెంట ఇది వ్యాపించుటకు అదియొక కారణము. తెలుగువారు మాత్రము పోర్చుగీసు పేరును గైకొనలేదు. మన అడవులలో నల్లజీడి యను చెట్టు కలదు. దాని గింజలోని నల్లని రసము చర్మమును పొక్కించును; చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టుటకు దానిని వాడెడివారు. క్రొత్తగా వచ్చిన చెట్టు గింజలోను అట్టి రసమే కనబడినది. ఆకారమున కాయ మామిడిని తలపించినది. వెంటనే జీడిమామిడి యని పేరు పెట్టుకొనిరి. ముంతమామిడి యనియు అందురు. తెలియనిదానిని తెలిసిన రెండు మాటలతో ఇంటిలోనికి పిలిచికొనుట తెలుగుభాషకు అలవాటు. మిరియమును పోలిన కారము గనుక అమెరికానుండి వచ్చిన కాయ మిరపకాయ యైనదియు ఇట్లే.

ఆ జీడిరసమును గూర్చి ఒకమాట చెప్పక తీరదు. పలాస, కాశీబుగ్గలలో జీడిపరిశ్రమ వేలమందికి జీవనాధారము. గింజను కాల్చియో, ఆవిరిలో ఉడికించియో గుల్ల పగులగొట్టి, పప్పును బోర్మా యను వేడి అరలో ఆరబెట్టి, పైపొర తీసి, పరిమాణమును బట్టి ఏరుదురు. ఒక పౌనుకు 180 తూగు పెద్ద పప్పునుండి చిన్న పప్పువరకు వేర్వేరు తరగతులు. ఈ పని చేయువారిలో హెచ్చుమంది స్త్రీలు. చేతులకు బూడిదయో ఆముదమో పట్టించుకొని కూర్చున్నను గుల్లలోని రసము వ్రేళ్ళను నల్లబరచును, చర్మమును తినివేయును. తోటల గింజ చాలక ఆఫ్రికా దేశములనుండియు పచ్చిగింజ ఓడలలో ఇచ్చటికి వచ్చుచున్నది. తెల్లని గుండుపప్పు దేశదేశములకు పోవును. పగిలిన బద్ద, ముక్క తక్కువ వెలకు ఊరిలో దొరకును. మన పులుసునకు కావలసినది ఆ ముక్కయే. నూరిన తరువాత గుండునకును ముక్కకును భేదమేమున్నది?

ఉప్పును గూర్చి చెప్పుకొనుట సులభము, ఎందుకన అది పొరుగుదే. టెక్కలి చెంతనున్న నౌపడాలో సముద్రపు పాయనీటిని మళ్ళలోనికి మలిపి, ఎండకు ఆరబెట్టి ఉప్పు తీయుదురు. చేరువనున్న వస్తువు సులభముగా దొరకునని తలంపరాదు. మద్రాసు రాజధానిలో 1805లో కంపెనీవారు ఉప్పును తమ గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చిరి. అప్పటినుండి ఉప్పుమడి గట్టున కాపురమున్నవాడును ఉప్పునకు పన్ను చెల్లింపవలసివచ్చెను. 1930లో గాంధిమహాత్ముడు దండిలో పిడికెడు ఉప్పు ఎత్తినప్పుడు దేశమంతయు కదలుట కిదియే కారణము. ప్రతి కుండలోను సర్కారు చేయి ఉండెడిది. నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నరైలు తీరమునకును కొండప్రాంతమునకును బాటయైనది; ఇటీవల అది పెద్దపట్టాల దారిగా మార్చబడినది.

వచ్చిన వస్తువులను చెప్పితిమి. ఈ తీరమునుండి వెడలిపోయిన మనుష్యులను గూర్చియు చెప్పవలెను. కళింగపట్నము, బారువ రేవులలో ఆగు పొగయోడలు ఎక్కి ఎందరో కూలీలు రంగూనుకు పోయిరి. ధాన్యపు మిల్లులలోను, ఓడరేవులలోను, రిక్షాల ముందును బర్మాలో తెలుగువారు శ్రమించిరి. కోరంగి రేవు పేరుతో బర్మావారు వారిని కోరంగీలని పిలిచెడివారు. బర్మాదేశమున మొహింగా యను చేపల సూపు ప్రొద్దుటి ఆహారము. చేపను ఉడికించి, నిమ్మగడ్డియు అరటిబోదెయు చేర్చి, వేయించిన బియ్యపుపిండితోనో సెనగపిండితోనో చిక్కబరచి, సేమ్యావంటి బియ్యపు పోగులపై పోసికొందురు. కొబ్బరిపాలతో చేయు ఖౌసూయ్ వేరొకటి. పులుసున పిండి కలుపుట తెలిసిన మన కూలీకి ఆ సూపు పరాయిగా తోచియుండదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. తరువాత మాసములలో లక్షలాది భారతీయులు అడవిదారుల కాలినడకన తిరిగివచ్చిరి; త్రోవలో ఎందరో రాలిపోయిరి. 1960 తరువాతి యేండ్లలో బర్మా సైనికప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా మిగిలినవారిలో అనేకులు వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతపు బర్మాక్యాంపు ఆ రాకకు గుర్తు. పోయినవాడు ఒక నాలుకతో పోయి రెండు రుచులతో తిరిగివచ్చెను.

ఇపుడు కుండ పొయ్యిమీద పెట్టుదము. నలుగురైదుగురకు సరిపోవు కొలత చెప్పుచున్నాము. అరకిలో రొయ్యలు, ఒక కొబ్బరికాయ, యాభైగ్రాముల జీడిపప్పు ముక్క, రెండు ఉల్లిపాయలు, చిన్న అల్లపుముక్క, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు, చెంచాడు మిరియాలు, ఉసిరికాయంత చింతపండు, కరివేపాకు, పసుపు, నూనె, ఉప్పు. కావలసినచో వంజరము ముక్కలు నాలుగు చేర్చుకొనవచ్చును.

రొయ్యల తలలు, పొట్టు తీసి పారవేయరాదు. సారమంతయు అందే యున్నది. వీపుమీది నల్లని నరమును తీసి, రొయ్యలకు పసుపు పట్టించి పక్కనుంచవలెను. తలలను, పొట్టును బాగుగ కడిగి, రెండు చెంచాల నూనెలో ఎఱ్ఱబడువరకు వేచి, ఐదు గ్లాసుల నీరు పోసి, ఇరువది నిమిషములు సన్నని సెగపై మరిగించి వడకట్టవలెను. ఫ్రెంచివారి బిస్కులోని కీలకము ఇదియే. ఆ పని జరుగుచుండగా జీడిపప్పును గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి వెన్నవలె నూరుకొనవలెను. కొబ్బరిని కోరి, ఒక గ్లాసు వేడినీటితో మెదిపి, గుడ్డలో పిండి మొదటి పాలు తీసి వేరుగ నుంచవలెను. ఆ పిప్పినే మరల నీటితో పిండిన పలుచని రెండవ పాలు వచ్చును.

ఒక మట్టిదాకలో నూనె కాచి, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లి, నూరిన అల్లము, వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిరప వేసి, రంగు మారనీయక మెత్తబరచవలెను. వడకట్టిన సారమును, పలుచగా కలిపిన చింతపులుసును పోసి, మిరియాలపొడి వేసి మరిగించి, అందు రొయ్యలను, చేపముక్కలను విడువవలెను. రొయ్య ఎఱ్ఱబడి వంకర తిరిగినంతనే ఉడికినట్లు. నాలుగు నిమిషములు మించిన గట్టిపడును. పిమ్మట రెండవ పాలు, జీడిముద్ద కలిపి సెగ తగ్గించి, ముక్క చెదరకుండ దాకను పట్టి త్రిప్పవలెను. చివరకు ఉప్పు వేసి, దాకను దింపి, అప్పుడు మొదటి పాలు పోయవలెను. మొదటి పాలను మరిగించినచో విరిగి నూనె తేలును. కొబ్బరిపాలలో నూనె సన్నని బిందువులుగా నీటిలో నిలిచియుండును. తీవ్రమైన సెగయు, హెచ్చు పులుపును ఆ పొందికను చెరచును. జీడిపప్పులో నూటికి సుమారు 44 వంతులు కొవ్వు, దానితోపాటు కొంత పిండిపదార్థమును కలవు. ఆ పిండి ఉడికి పులుసును చిక్కబరచుచు నూనెను విడిపోనీయదు. ఈ రెండును ఒకదానికొకటి కాపు.

ఆ రొయ్య కూడ నేడు వలలోనిదే యని చెప్పలేము. చెరువులలో పెంచు వెనామీ రొయ్య అమెరికాఖండపు పసిఫిక్ తీరమునుండి వచ్చినది. మన దేశమున దాని పెంపకమునకు 2009లో అనుమతి వచ్చెను. కనుక మన కుండలో ఆఫ్రికా చింత, బ్రెజిలు జీడి, అమెరికా మిరప, పసిఫిక్ రొయ్య కూడియున్నవి. ఇన్నియు కలిసి ఉద్దానపు పులుసైనవి.

ఈ తోటలు శాశ్వతములని నమ్మియుండిన మనకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ నమ్మకము తొలగినది. తిత్లీ యను పెనుతుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాసకు చేరువలో తీరము దాటెను. తిత్లీ యనగా సీతాకోకచిలుక. ఆ పేరుగల గాలి ఒక్క పూటలో తరతరముల కొబ్బరిని, జీడిని నేలకూల్చెను. వరి పోయిన రైతు మరుసటి కారున విత్తును. జీడి కాపునకు మూడు నాలుగేండ్లు, నాటుకొబ్బరికి ఆరేడేండ్లు పట్టును. ఆ నడుమ కుటుంబమునకు తిండి యెట్లు? ఎందరో పరదేశమునకు పనికి పోయిరి.

ఆ మరుసటి యేట మేము శబ్దగ్రహణయంత్రముతో జాలరుల పాటలు సేకరించుటకు ఉద్దానపు తీరగ్రామమొకదానికి పోయియుంటిమి. పని ముగిసిన పిమ్మట ఒక ముసలితల్లి మమ్ము భోజనమునకు కూర్చుండబెట్టెను. "ఒడ్డుకొచ్చినోలు ఒట్టి కడుపుతో ఎల్లకూడదు బాబూ" అని, గాలికి మిగిలిన రెండు చెట్లలో ఒకదాని కాయతో తీసిన పాలు పోసి రొయ్యలు వండెను. ఆమె పెద్దకుమారుడు మాతో పంక్తిలో కూర్చుండలేదు. నలుబదియేండ్లు దాటని వాడు. అరుగుమీద వేరుగ చిన్నగిన్నెతో కూర్చుండెను. మేము పిలువగా ఆ తల్లి అడ్డము వచ్చి, "ఆడికి కొబ్బరి పడదు బాబూ. మూత్రపిండాలు పాడైపోనాయి. డాక్టర్లు కొబ్బరొద్దు, జీడిపప్పొద్దు, ఉప్పు తగ్గించమన్నారు. ఇంటి సెట్టు కాయే, ఆడికి మాత్రం కాదు" అనెను. మా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచినది.

అంతవరకు మేమొక వస్తువును లెక్కలోనికి తీసికొనలేదు. అది నీరు. పులుసున ముప్పాతిక వంతు నీరే. చింతయు జీడియు మిరపయు పరదేశములనుండి వచ్చి మనవైనవి. ఊరి నేలలోనే పుట్టిన నీటిని మాత్రము ఉద్దానవాసి నేడు సందేహముతో చూచుచున్నాడు. దశాబ్దములుగా ఈ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి కుటుంబములను కూల్చుచున్నది. మధుమేహమును రక్తపుపోటును లేనివారికిని, పొలములలో కష్టపడు నడివయస్కులకును ఇది వచ్చుచున్నది. మన దేశమునుండియు విదేశములనుండియు వచ్చిన వైద్యులు నీరును, నేలను, ఎండలో శ్రమించు దేహములను పరీక్షించిరి. ఏ యొక్క కారణమును ఇంకను నిర్ధారణ కాలేదు. ఇట్టి వ్యాధియే శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకుతోటల కూలీలలోను కనబడినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును, హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. ఊరిలో బావి యుండగా నీరు కూడ దూరమునుండి రావలసివచ్చుట ఈ తీరపు చరిత్రలో క్రొత్త ప్రకరణము.

వ్యాధి ముదిరిన మూత్రపిండములు పొటాషియమును, ఫాస్ఫరసును, ఉప్పును దేహమునుండి సరిగా వెడలనీయలేవు. కొబ్బరిలో మొదటిదియు, జీడిపప్పులో రెండును హెచ్చు. చేప, రొయ్యల కొలత కూడ వైద్యుడే చెప్పవలెను. కనుక ఆరోగ్యవంతునకు బలమైన ఈ పులుసు రోగికి హాని. ఆ తల్లికి ఈ శాస్త్రము తెలియదు. అయినను ఆమె చేసిన పనిని మేము శ్రద్ధగా చూచితిమి. రొయ్యలు ఉడికినంతనే, ఉప్పును కొబ్బరిపాలును జీడిముద్దయు పడకముందే, ఒక గరిటెడు పలుచని రసమును, రెండు రొయ్యలను చిన్నగిన్నెలోనికి వేరు తీసి మూతపెట్టెను. పిమ్మటనే మాకొరకు పాలు పోసెను. రెండు పొయ్యిలు వెలిగింపక, రెండు వంటలు వండక, ఇంటిలోని వాడు ఇంటి కుండలోనిదే తినునట్లు ఆమె కనుగొన్న ఉపాయమది.

మేము పైన చెప్పిన పద్ధతిలో ఉప్పును చివరకు నిలిపినది, పాలను, జీడిముద్దను రొయ్య ఉడికిన పిమ్మట కలుపుమన్నది ఆమె వలన నేర్చుకొనియే. ఇంట అట్టి రోగి యున్న శ్రోతలు వైద్యుని అడిగి, ఆయన చెప్పిన కొలతకు లోబడి, ఈ మెట్టును పాటింపవచ్చును. సోమేశ్వరుని వంటవాడు మిరియము చల్లెను. ఓడలు మిరపను, జీడిని తెచ్చినవి. కంపెనీ ఉప్పుపై పన్ను వేసెను. గాలి చెట్లను కూల్చెను. వీటితోపాటు, ఉప్పు పడకముందు ఒక గరిటెడు వేరు తీసిన ఆ తల్లి చేయి కూడ ఈ పులుసు చరిత్రలో చేరవలసినదే. తిత్లీ తరువాత ఉద్దానమున నాటిన కొబ్బరిమొక్కలు కాపునకు వచ్చు కాలమైనది. వంశధార నీరు ప్రతి గడపకును చేరి, ఆ నీటితో ఉడికిన పులుసును ఆ తీరపు బిడ్డలు పంక్తిలో కలిసి కూర్చుండి త్రాగు దినము వచ్చుగాక.